కెమెరాకు చూపిన ఎండ

ఉప్పల్లో బస్సు ఆగే చోట గడియారాలు, కెమెరాలు బాగుచేసే కొట్టు పెట్టుకున్న భూషణానికి ఒక అలవాటు ఉండేది. ఎవరి కెమెరా బాగుచేసి ఇచ్చినా దాన్ని తోలు సంచీలో పెట్టి, బొత్తాం నొక్కి, రెండు చేతులతో అందిస్తూ, "వారానికోపాలి ఎండ సూపియ్యండ్రి. అద్దానికి ఎండ తగలాలె. లేకుంటే బూజు వడ్తది," అనేవాడు. పూజారి తీర్థమిచ్చి శఠగోపం పెట్టినంత యథాలాపంగా అనేవాడు. వినేవాళ్లు కూడా అలాగే తల వంచి వినేవాళ్లు.

ఆ మాట ఆయన సొంతం కాదు. కుర్రతనంలో ఆబిడ్స్‌లో పని నేర్పిన ఉస్తాద్ అనేవాడు, ఈయన అందుకున్నాడు. ఉస్తాద్ చేతికి వచ్చేవన్నీ మడత కెమెరాలు, డబ్బా కెమెరాలు. వాటిలో వెలుగును ఆపేది అద్దాల మధ్య ఉండే సన్నటి ఉక్కు రేకులు. ఉక్కుకు ఎండ ఏం చేస్తుంది? బూజు చచ్చేది, కెమెరా బతికేది. ఉప్పల్లోనూ నాచారంలోనూ ఇల్లాళ్లు మిద్దె మీద వడియాలు, మిరపకాయలు ఎండబెడుతూ పక్కన కెమెరాను కూడా పెట్టేవాళ్లు. ఇరవై ఏళ్లు ఆ మాట వల్ల ఎవరికీ చెడు జరగలేదు. అందుకే దాన్ని గురించి మళ్లీ ఆలోచించే అవసరం భూషణానికి రాలేదు. మంచి మాటలతో వచ్చే చిక్కే అది. చెడ్డ మాట అనేముందు మనిషి ఒకసారి ఆగుతాడు. మంచి మాటకు ఎవడాగుతాడు?

అరవై ఎనిమిది ఎండాకాలంలో గోపాలరావు వచ్చాడు. బందరు మనిషి. జనం రాళ్ల ఆఫీసు అని పిలిచే సర్కారు ఆఫీసులో పని. ఏడాదిలో ఆరు నెలలు అడవుల్లో, గుట్టల్లో తిరిగి రాళ్లు ఏరుకొచ్చే ఉద్యోగం. భార్య కమలకుమారి, మూడేళ్ల కూతురు తారామణి, నాచారంలో రెండు గదుల అద్దె వాటా. ఆయన బల్ల మీద పెట్టింది ఒక రష్యా కెమెరా. ఇక్కడ పని ముగించుకుని స్వదేశం వెళ్లిపోతున్న ఒక రష్యన్ ఇంజనీరు అమ్మి వెళ్లాడట. బరువుగా, చల్లగా, చేతిలో నిండుగా ఉంది.

"నొక్కితే సగంలో ఆగిపోతోందండీ. వచ్చిన బొమ్మల్లో అన్నీ చుక్కలు. సికింద్రాబాదులో ముగ్గురికి చూపించాను, ముగ్గురూ చేతులెత్తేశారు. మీరు కూడా ఎత్తేస్తే చెప్పండి, బల్ల మీద పేపర్ వెయిట్‌గా పెట్టుకుంటాను," అన్నాడు.

భూషణం ముందు అద్దాన్ని విప్పి లోపలికి చూశాడు. ఉక్కు రేకులు లేవు. రీలు ముందు ఒక నల్లటి గుడ్డ పరదా. రెండు సన్నటి రూళ్ల మధ్య, నాటకాల స్టేజీ మీద తెర లాగినట్టు, ఒక గుడ్డ పక్కకు జరుగుతుంది, దాని వెనకే ఇంకో గుడ్డ వస్తుంది. రెంటి మధ్య ఉన్న సందులోంచి వెలుగు రీలు మీద పడుతుంది. అలాంటిది ఆయన వినడమే కానీ చేత్తో పట్టుకోవడం అదే మొదలు. గుడ్డ మీది రబ్బరు పూత ఎండి, బీటలు వారి, ముట్టుకుంటే అప్పడంలా చిట్లుతోంది.

"గుడ్డ మార్చాలె సార్," అన్నాడు.

"దొరుకుతుందా?"

"ఈ దేశంల దొరకదు. మనమే జేస్కోవాలె."

ఆ మాట అన్నాక నెల రోజులు భూషణానికి వేరే ధ్యాస లేదు. గొడుగు గుడ్డ తెచ్చాడు. వెలుగుకు పట్టి చూస్తే జల్లెడ. వానకోటు కోసి చూశాడు. వెలుగు ఆగింది కానీ మందం ఎక్కువై రూళ్ల మీద చుట్టుకోలేదు. రబ్బరు తోలు అన్నారు, సైకిలు ట్యూబు అన్నారు, ఏదీ కుదరలేదు. కావలసింది పట్టంత పలచగా ఉండాలి, గోడంత గట్టిగా వెలుగును ఆపాలి. చివరికి ట్రంకు పెట్టె అడుగున, నాఫ్తలీను గోళీల మధ్య ఉన్న తండ్రి షేర్వాణీ గుర్తొచ్చింది. దాని లోపలి అస్తరు నల్ల పట్టు.

భార్య రాజేశ్వరమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. "మీ నాయిన తొడుక్కున్న బట్టను కోస్తవా? గా ఆంధ్రా సార్ కెమెరా కోసరం? నీకేమన్న గాలి సోకిందా?"

"నాయిన ఉంటే ఆయనే కత్తెర అందిస్తుండె," అన్నాడు భూషణం. అస్తరు కోశాడు.

సైకిలు పంక్చర్లకు వాడే సొల్యూషన్ను పెట్రోలుతో పలచగా చేసి, దీపం మసి కలిపి, ఆ పట్టుకు పూత పూశాడు. ఆరాక ఇంకోటి. అలా నాలుగు పూతలు. ఒక పూత ఎక్కువైతే గుడ్డ బిరుసెక్కేది, ఒకటి తక్కువైతే వెలుగు కారేది. రెండు సార్లు మొత్తం పారేసి మళ్లీ మొదలుపెట్టాడు. మూడో గుడ్డను మిట్టమధ్యాహ్నం వీధిలోకి తీసుకెళ్లి సూర్యుడికి అడ్డంగా పట్టి చూస్తే ఒక్క సూదిమొనంత వెలుగు కూడా ఇవతలికి రాలేదు. ఆ రోజు ఆయన అన్నం తినడం మర్చిపోయాడు.

గోపాలరావు ప్రతి ఆదివారం వచ్చి బల్లకు అవతల ముక్కాలి పీట మీద కూర్చునేవాడు. "ఆపరేషన్ జరుగుతుండగా మాట్లాడచ్చాండీ డాక్టరు గారూ?" అని అడిగి, సమాధానం కోసం చూడకుండా మాట్లాడుతూనే ఉండేవాడు. బందరు బాదుషా గురించి, ఆసిఫాబాద్ అడవుల్లో తన గుడారంలోకి వచ్చిన ఎలుగుబంటి గురించి, కూతురు తన చెప్పుల్లో కాళ్లు పెట్టి నడవడం గురించి. భూషణం కంటికి భూతద్దం బిగించుకుని, పటకారుతో గుడ్డను రూళ్లకు అంటిస్తూ "ఊఁ, ఊఁ" అంటుండేవాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కానీ ఆదివారం బస్సు ఆగితే ఆయన చెవి అటే ఉండేది. పిల్లలు లేని ఇల్లు, గడియారాల టిక్‌టిక్ తప్ప చప్పుడు లేని కొట్టు. ఆ గలగలా ఆయనకు ప్రాణానికి హాయిగా ఉండేది, ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పుకోలేదు.

కెమెరా నడిచింది. నొక్కితే చీర కొంగు దులిపినంత మెత్తటి చప్పుడు. తీసుకెళ్లడానికి గోపాలరావు భార్యనూ కూతురినీ వెంటబెట్టుకుని వచ్చాడు. "చూడు కమలా, ఈయన నాన్నగారి షేర్వాణీ మన కెమెరాలో ఉంది. ఇకనుంచి ఇది మామూలు కెమెరా కాదు, జమీందారు," అన్నాడు. ఆమె నవ్వి భూషణానికి దండం పెట్టి, "అన్నయ్య గారూ, మీ రుణం తీర్చుకోలేం," అంది.

భూషణానికి ఆ రోజు కాళ్లు నేల మీద ఆనడం లేదు. సికింద్రాబాదులో ముగ్గురు చేతులెత్తేసిన పని తాను చేశాడు. ఆ సంబరంలో కెమెరాను తోలు సంచీలో పెట్టి, బొత్తాం నొక్కి, రెండు చేతులతో ఆమెకే అందించాడు. "సార్ క్యాంపుల పొంటి తిరుగుతడు. మీరే జూస్కోవాలె చెల్లెమ్మా. వారానికోపాలి ఎండ సూపియ్యండ్రి. అద్దానికి ఎండ తగలాలె. లేకుంటే బూజు వడ్తది."

"తప్పకుండా అన్నయ్య గారూ," అంది కమలకుమారి, నోము నియమం విన్నట్టు శ్రద్ధగా.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. జారిన సంగతి తెలిస్తే కదా తీసుకోవడానికి!

ఆ శ్రావణంలో, ఆదిలాబాదు వైపు ఒక వాగు దాటుతుండగా పైనుంచి నీళ్లు వచ్చి జీపును కొట్టుకుపోయాయి. డ్రైవరు ఒక చెట్టు కొమ్మ పట్టుకుని బతికాడు. గోపాలరావు మూడో రోజు దొరికాడు. భూషణానికి కబురు ఆలస్యంగా తెలిసింది. నాచారం వెళ్లి ఆ ఇంటి ముందు నిలబడ్డాడు. లోపల బంధువులు, చాపలు, ఏడుపులు. గుమ్మంలో పెద్ద చెప్పులు రెండు అలాగే ఉన్నాయి. అక్కడినుంచే బస్సెక్కి వచ్చేశాడు.

ఏడాది తిరగబోతుండగా, మళ్లీ ఆషాఢంలో, కమలకుమారి ఉప్పల్ వచ్చింది. ఆ ఏడు తెలంగాణ గొడవల్లో బస్సులు ఒకరోజు నడిస్తే రెండు రోజులు ఆగేవి. నాచారం నుంచి నడిచే వచ్చినట్టుంది, చెప్పుల నిండా దుమ్ము. చంకలో పిల్ల. భుజాన కెమెరా.

"సంవత్సరీకం పెట్టేసి బందరు వెళ్లిపోతున్నామండీ. మా అన్నయ్య వచ్చి తీసుకెళ్తాడు. ఈలోగా మీతో ఒక పని ఉంది," అంది. పీట మీద కూర్చోమంటే కూర్చోలేదు. ఆ పీట ఎవరిదో ఆమెకు తెలుసు కాబోలు.

"చెప్పు చెల్లెమ్మా."

"ఆయన ఫోటో లేదండీ మా ఇంట్లో."

భూషణం నమ్మలేనట్టు చూశాడు. ఆమె నెమ్మదిగా చెప్పింది. అల్మారా నిండా ఆయన తీసినవే ఉన్నాయి. ఆమెవి, పిల్లవి, గుట్టలవి, రాళ్లవి. తీసేవాడు ఎప్పుడూ కెమెరా వెనకే కదా! పెళ్లి ఫోటో ఒకటి ఉంది కానీ అందులో బాసికం కట్టుకుని, తలంబ్రాలు పోస్తూ పూర్తిగా తల వంచుకుని ఉన్నాడు, అడ్డంగా ఎవరిదో చెయ్యి. జేబులో ఉన్న ఆఫీసు కార్డు నీళ్లలో నాని ముద్దయిపోయింది. మొన్న సంవత్సరీకం ఏర్పాట్లకు వచ్చిన బ్రాహ్మడు పటం ఏదమ్మా అని అడిగాడు. పిల్ల ఎదురింటి కంపౌండరును చూసి "నాన్న ఇలాగే ఉండేవాడా?" అని అడుగుతోంది.

"కానీ ఇందులో ఒకటి ఉంది," అంటూ కెమెరాను బల్ల మీద పెట్టింది. "ఆఖరి క్యాంపుకు వెళ్లే రోజు పొద్దున్న పిల్లనెత్తుకుని గేటు దగ్గర నిలబడి, కెమెరా నా చేతికిచ్చారు. లోపల చిన్న పసుపు మచ్చ కనిపిస్తుంది, అది నా మొహం మీద పెట్టి నొక్కు, చాలు అన్నారు. సరిగ్గా మొహం మీదే పెట్టానండీ. నొక్కాను. అప్పటికే జీపు వచ్చేసింది. రీలు ఇంకా మిగిలి ఉంది, వచ్చాక పూర్తి చేద్దాం అన్నారు."

"నొక్కినంక రీలు తిప్పినవా చెల్లెమ్మా?"

"అది నాకు రాదు. ఆయనే తిప్పుకునేవారు. తరువాత ఎవరూ ముట్టుకోలేదు." ఆగింది. "ముట్టుకోలేదంటే, మీరు చెప్పిన పని మాత్రం మానలేదు. అంతకుముందు కెమెరా ఆయన వెంటే తిరిగేది, దినాలు కాగానే మొదలుపెట్టాను. ఒక్క ఆదివారం తప్పలేదండీ. మూత తీసి, అద్దానికి బాగా తగిలేలా సూర్యుడికేసి పెట్టి, గంటసేపు పక్కనే కూర్చునేదాన్ని. దాని లోపల ఆయన ఉన్నారు కదా, బూజు పట్టనిస్తానా?"

భూషణం చేతిలోని పటకారు కింద పడింది. వంగి తీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

ఆయనకు అప్పుడు తెలిసింది. ఏడాది కాలంలో ఒక్కసారి కూడా తట్టనిది ఒక్క క్షణంలో పూర్తిగా తెలిసింది. అద్దం ఎండను ఒక్క చోటికి చేరుస్తుంది. చిన్నపిల్లలు భూతద్దం పెట్టి కాగితం కాల్చినట్టే. ఉక్కు రేకు అయితే తట్టుకుంటుంది. తన గుడ్డ పట్టు, మీద రబ్బరు, దీపం మసి. పైగా రీలు తిప్పలేదు. అంటే ఆ గుడ్డకు సరిగ్గా వెనక, వెంట్రుకవాసి దూరంలో ఉన్నది అన్నిటికంటే చివరి బొమ్మ.

"వస్తుందా అండీ?" అని అడిగింది కమలకుమారి.

"సూస్త చెల్లెమ్మా. ఐతారం నేనే తెచ్చిస్త," అన్నాడు.

మర్నాడు పగలే కొట్టు మూసేసి, ఇంట్లో సామాన్ల గదికి గోనె సంచులు కట్టి చీకటి చేయించాడు. రాజేశ్వరమ్మ తలుపు సందుల్లో పాత చీరలు కుక్కింది. చీకట్లో రీలును వెనక్కి తిప్పి, డబ్బాలోకి చేర్చి, తీసి పక్కన పెట్టాడు. తర్వాత గోనె తొలగించి, ముందు అద్దాన్ని విప్పి చూశాడు.

పరదా సరిగ్గా నడుమ కాలి ఉంది. ఒక్క చిల్లు కాదు. ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని మీద ఒకటి, చీమల పుట్ట నోళ్లలా. ఊదొత్తితో పొడిచినట్టు అంచులు ముడుచుకుపోయాయి. అయినా మనిషి ఆశకు సిగ్గుండదు. గుడ్డ కాలితే కాలింది, రీలు దాకా పోయి ఉండదేమో అనుకున్నాడు. ఉండదేమో అనుకుంటూనే గోనె మళ్లీ కట్టి, బొమ్మ కడిగే మందు కలిపాడు, కనిపించని దేవుళ్లందరికీ మొక్కుకుంటూనే రీలును అందులో ముంచాడు.

ఇరవై మూడు బొమ్మలు వచ్చాయి. ఇరవై రెండు ముత్యాల్లా ఉన్నాయి. ఆ గుడ్డ ఎంత మంచిదో అవే సాక్ష్యం. ఆకాశంలో ఒక్క చుక్క లేదు, నీడల్లో ఒక్క గీత లేదు. గుట్టలు, సుత్తి ఆనించిన రాళ్లు, చెంబుతో నీళ్లు పోసుకుంటున్న తారామణి, వంటింటి గుమ్మంలో చెయ్యి అడ్డం పెట్టుకుని "వద్దు" అంటున్న కమలకుమారి. ఇరవై మూడోది కాగితం మీద తేలుతుంటే భూషణం పళ్లెం మీదికి వంగి చూశాడు. గేటు వచ్చింది. నందివర్ధనం చెట్టు వచ్చింది. ఇస్త్రీ చేసిన ప్యాంటు, చెప్పులు, పిల్లను ఎత్తుకున్న చెయ్యి, పిల్ల జడ, ఆ జడకు కట్టిన రిబ్బను వచ్చాయి. మెడ పైన ఏమీ రాలేదు. కాగితం కాగితంగానే తెల్లగా ఉండిపోయింది. పసుపు మచ్చను ఆమె నిజంగానే సరిగ్గా మొహం మీదే పెట్టింది. సూర్యుణ్ని కూడా సరిగ్గా నడిమధ్యనే పెట్టింది. ఏ పనైనా శ్రద్ధగా చేసే మనిషి.

భూషణం ఏడ్చాడు. యాభై ఏళ్ల మనిషి, ఎర్ర దీపం కింద, మోకాళ్ల మీద తల పెట్టుకుని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

రాజేశ్వరమ్మ అంతా వింది. తర్వాత అంది, "ఎండ సంగతి ఆ పిల్లకు జెప్పకు. చెప్తే తన చేతుల్తోని తానే మొగని మొఖం కాలవెట్టుకున్న అని జిందగంత కుములుతది. గుడ్డ మంచిగ లేదు, పిగిలింది అని జెప్పు. తప్పు నీ మీదేస్కో."

"తప్పు నాదే గద," అన్నాడు భూషణం.

"నీదే. అందుకే ఆమెకు ఎండ ముచ్చట ఎందుకు?"

అది న్యాయంగానే తోచింది. తన పనితనం మీద తానే బురద చల్లుకోవడం ఆయనకు ఆ సమయంలో శిక్ష కాదు, ఊరట.

ఆదివారం పొద్దున నాచారం వెళ్లాడు. ఇంట్లో సగం సామాను మూటలు కట్టి ఉంది. కమలకుమారి స్నానం చేసి, పట్టు చీర కాకపోయినా ఉతికిన చీర కట్టుకుని, గోడకు మేకు కూడా కొట్టించి ఉంచింది. పటం కోసం. ఆ మేకును చూడగానే భూషణం అనుకుని వచ్చిన మాటలు సగం ఎగిరిపోయాయి.

కెమెరాను చాప మీద పెట్టి, ఇరవై రెండు బొమ్మలూ ముందు ఇచ్చాడు. ఆమె ఒక్కొక్కటే చూసి పక్కన పెట్టింది. ఆఖరిది ఇచ్చాడు.

ఆమె దాన్ని చాలాసేపు చూసింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసింది. వెనక్కి తిప్పి చూసింది, మొహం అటువైపు ఉందేమో అన్నట్టు.

"గుడ్డ పిగిలింది చెల్లెమ్మా," అన్నాడు భూషణం. "నా పని మంచిగ లేదు. సగం నేర్చిన పని. పూత తక్కువ వేసిన. వెలుగు లోపటికి పోయింది. నన్ను ఎన్ని తిట్టినా తక్కువే."

ఆమె తిట్టలేదు. కొంగుతో కళ్లు ఒత్తుకుని, అంత దుఃఖంలోనూ, "అలా అనకండి. ఆయన ఎంత మెచ్చుకునేవారో మీ పనిని. పాతబడ్డ గుడ్డ కదా, మీరేం చేస్తారు?" అంది. కొంతసేపటికి కెమెరాను దగ్గరికి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. "దీన్ని బాగుచేసి ఇవ్వండి అన్నయ్య గారూ. పిల్ల పెద్దయ్యాక వాళ్ల నాన్నది అని ఇస్తాను. బందరులో తేమ ఎక్కువ, ఉప్పు గాలి. రోజూ ఎండ చూపిస్తాను."

భూషణం ఆ కెమెరా వైపు చూశాడు. రోజూ. ఆ గుడ్డ మీద రోజూ. ఊరుకుంటే మళ్లీ అదే జరుగుతుంది.

"వద్దు చెల్లెమ్మా," అన్నాడు. "ఎండ వద్దు."

"అదేంటండీ? మీరే కదా చెప్పారు?"

ఆయన నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. ఆమె ఆయన్ని చూసింది, ఒళ్లో ఉన్న కెమెరాను చూసింది, కాగితం మీద మధ్యలో ఉన్న ఆ తెల్లటి గుండ్రాన్ని చూసింది. బళ్లో చదువుకున్న మనిషే. భూతద్దం ఆమెకూ తెలుసు.

"ఎండా?" అంది.

"నేనే జెప్పిన. నీ తప్పు రవ్వంత లేదు. ఉక్కు రేకుల కెమెరాలకు జెప్పే మాట, ఆలోచన లేకుంట గీ గుడ్డ కెమెరాకు జెప్పిన. నా నోటి తప్పు చెల్లెమ్మా. నీది గాదు, నీది గాదు."

ఆయన ఇంకా ఏదో అంటున్నాడు. ఆమె వినడం లేదు. "నీడ వస్తే జరిపేదాన్ని," అంది తనలో తాను అనుకుంటున్నట్టు. "గోడ నీడ పడినప్పుడల్లా కొంచెం జరిపి, మళ్లీ సరిగ్గా సూర్యుడికేసి తిప్పేదాన్ని. ఒక్క నిమిషం ఎండ వృథా కాకూడదని." తన రెండు అరచేతులూ ముందు పెట్టుకుని చూసుకుంది. తర్వాత ఏడ్చింది. పెద్దగా, దాచుకోకుండా ఏడ్చింది. పిల్ల ఆడుకుంటున్నది ఆపి గుమ్మంలో నిలబడింది.

పుణ్యానికి పోతే పాపం ఎదురవడం అంటే ఇదే. భూషణం ఏం చేయగలడు? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, బతికించలేని దాన్ని ఏదో ఒకటి చేసి నిలబెట్టాలని ఆరాటపడ్డాడు. "లాలాపేట్‌ల రామ్మోహనరావు అని ఉన్నడు చెల్లెమ్మా. ఫోటోల మీద బొమ్మ దిద్దే మనిషి. పాతబడి చెరిగిపోయిన మొఖాలను గూడ మస్తుగ దించుతడు. మనం పక్కన కూసొని ముక్కు గిట్ల, కండ్లు గట్ల అని జెప్తే చాలు, గీస్తడు. నేను తీస్కపోత. మనకు ఎర్కే గద సార్ మొఖం."

ఆమె ఏడుపు ఆపింది. ఆ మాట పట్టుకుంది, మునిగేవాళ్లు పట్టుకున్నట్టు. కళ్లు తుడుచుకుని, ఆ తెల్లటి గుండ్రం మీద వేలు పెట్టి చెప్పడం మొదలుపెట్టింది. నుదురు వెడల్పు. కనుబొమలు కలిసి ఉండేవి. ముక్కు కొంచెం ఇటువైపు వంకర. నవ్వితే బుగ్గ మీద సొట్ట పడేది.

వేలు ఆగిపోయింది. అటు జరిగింది, ఇటు జరిగింది.

"ఏ బుగ్గ మీద?" అంది.



"ఉగాది నాటికి గుర్తుందండీ. నాకు బాగా గుర్తు. ఎదురుగా నిలబడితే... కాదు, పక్కన పడుకుంటే..." కళ్లు మూసుకుంది, తెరిచింది. భూషణం వైపు తిరిగింది. "మీరు చెప్పండి అన్నయ్య గారూ. నెల రోజులు ప్రతి ఆదివారం మీ ఎదురుగానే కూర్చున్నారు కదా. ఎప్పుడూ నవ్వుతూనే ఉండేవారు కదా. ఏ బుగ్గ?"

భూషణం కళ్లు మూసుకున్నాడు. గొంతు వినిపించింది, ప్రతి మాటా వినిపించింది. బందరు బాదుషా, ఎలుగుబంటి, నాన్న చెప్పుల్లో పిల్ల కాళ్లు. నవ్వు కూడా వినిపించింది. కనిపించింది మాత్రం భూతద్దం కింద ఒక నల్లటి గుడ్డ, దాని అంచు, అంచుకు రాసిన జిగురు. ఎంత వెతికినా గుడ్డే కనిపించింది.

"గుడ్డనే సూసిన చెల్లెమ్మా," అన్నాడు. "తల ఎత్తి ఒక్కపాలి గూడ సార్ మొఖం దిక్కు సూడలె."

కమలకుమారి గుమ్మంలో ఉన్న కూతుర్ని దగ్గరికి పిలిచి, రెండు చేతులతో మొహం పట్టుకుని వెలుగుకు తిప్పింది. "ఒక్కసారి నవ్వవే," అంది, కళ్లు మళ్లీ కారిపోతుంటే. "ఒక్కసారి నవ్వమ్మా, నీకు ఆయన పోలికే. చూద్దాం."

ఎదురుగా అమ్మ అలా ఏడుస్తుంటే పిల్ల ఎలా నవ్వుతుంది?